చిరునామా గుత్తి, ఇల్లు నల్లమల

బీర్కూర్‌లో మా పెరడు దాటితే పంటకాలువ. ఆ కాలువ గట్టు మీద ముగ్గురు చేతులు చాచి పట్టుకున్నా అందనంత మానుతో ఒక చింతచెట్టు ఉండేది. మనిషెత్తున, ఎప్పుడో కొమ్మ విరిగిపోయిన చోట, దానికొక తొర్ర. వానాకాలం సందెవేళ ఆ తొర్ర అంచు మీద కాళ్లు కనిపించేవి. ఒళ్లు కనిపించేది కాదు. బూడిద రంగు మీద నల్ల పట్టీలున్న నాలుగు కాళ్లు మాత్రం బయటికి వచ్చి, బెరడును ఆనుకుని, కదలకుండా ఉండేవి. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. బాపమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె వెనక నిలబడి చూసేవాణ్ని.

"బాపమ్మా, గదేంది?"

"సాలెపురుగు బిడ్డా. దాని జోలికి పోకు."

"గంత పెద్దగుంటదా? దాని పేరేంది?"

"సాలెపురుగంటె సాలెపురుగే. దానికి పేరేంది మల్ల!"

బాపమ్మకు వడ్లలో పదిహేను రకాల పేర్లు వచ్చు. కాలువలో దొరికే చేపల్లో ఏది కొర్రమీనో, ఏది జెల్లో, ఏది పరకో పట్టగానే చెప్పేది. సాలీళ్లన్నింటికీ మాత్రం ఆమె దగ్గర ఒక్కటే మాట ఉంది. మన ఊళ్లలో చాలామంది దగ్గర ఇప్పటికీ ఆ ఒక్క మాటే ఉంది. ఆ తొర్రలోనిది ఏ జాతిదో తేల్చాలంటే దాన్ని పట్టుకుని, వెల్లకిలా తిప్పి, కాళ్ల అడుగుభాగం చూడాలి. అక్కడి పట్టీల రంగు, వెడల్పు, అవి ఏ కణుపు మీద ఉన్నాయన్నదే ఆ వంశం సాలీళ్లలో ఒకదాన్ని ఇంకోదాని నుంచి విడదీసే ముఖ్యమైన గుర్తు. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. తెలుసుకున్నది కూడా మన తెలుగు నేల మీదే మొదలైన ఒక కథ వల్ల. ఆ కథలో ఒక రైలు స్టేషన్ ఉంది, ఒక కట్టెల అడితి ఉంది, లండన్‌లో ఒక బల్ల ఉంది, నూరేళ్లకు పైగా తప్పు ఊరి పేరుతో బతికిన ఒక నీలం సాలీడు ఉంది.

* * *

1890ల చివరి రోజులు. అనంతపురం జిల్లా గుత్తి. కొండ మీద కోట, కొండ కింద ఊరు, ఊరికి ఎడంగా రైలు స్టేషన్. మద్రాసు నుంచి అరక్కోణం, కడప మీదుగా రాయచూరు పోయే మద్రాస్ రైల్వే లైను గుత్తిని తాకుతూ పోతుంది. కొద్ది దూరంలో గుంటకల్. అక్కడి నుంచి మరో లైను నంద్యాల, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్లను చీల్చుకుంటూ బెజవాడకు పోతుంది. అడవిలోంచి రైలు వేసినప్పుడు, ఆ రైలు అడవిని కూడా మోసుకుపోతుంది. పట్టాల కింద వేసే స్లీపర్లు అప్పట్లో చెక్కవే. ఆ కాలంలో దక్షిణాదిన ఇంజన్ల పొయ్యిల్లోకి బొగ్గుతో పాటు కట్టెలూ పోయేవి. అందుకే పెద్ద స్టేషన్ల పక్కన కట్టెల అడితులు ఉండేవి. దుంగలు దించేవాళ్లు, పేర్చేవాళ్లు, చీల్చేవాళ్లు, లెక్క రాసేవాళ్లు.

ఇక్కడి నుంచి కొంత దూరం నా ఊహ. సాలీడు నిజం, గుత్తి నిజం, అడితి నిజం. మిగతాది ఇలా జరిగి ఉంటుంది.

పొద్దెక్కిన వేళ. బండి నుంచి దించిన దుంగల్లో ఒకదానికి నడిమిన తొర్ర. తొర్ర చుట్టూ తెల్లటి దట్టమైన గూడు, పాత పంచె చింపి లోపల కుక్కినట్టు. ఒక కూలీ దుంగ చివర పట్టుకుని దొర్లించబోతాడు. ఎదుటివాడు కేక వేస్తాడు.

"యోవ్, చెయ్యి తీయ్! పురుగుండాది!"

దుంగ ధబ్బున కింద పడుతుంది. తొర్రలోంచి అరచేతంత జీవి ఒకటి బయటికి దూకి, ఎండ తగలగానే మళ్లీ చీకటి వెతుక్కుంటూ దుంగ కిందికి పరుగెత్తుతుంది. ఆ ఒక్క క్షణం వాళ్లకు కనిపించింది నలుపు కాదు, గోధుమ రంగు కాదు. నీలం. కాకి మెడ మీద ఎండ పడితే వచ్చే నీలం కాదు, నికార్సైన నీలం. కాళ్ల కీళ్ల దగ్గర పసుపు. వీపు మీద ముగ్గు వేసినట్టు తెల్లటి గీతలు.

ఇలాంటివాటిని అప్పటికప్పుడు కాలికింద వేసి నలిపేయడం రివాజు. ఈ ఒక్కదాన్ని నలపలేదు. ఎవరి చేతి మీదుగానో అది సీసాలోకి వెళ్లింది. సీసా మీద చీటీ పడింది. చీటీ మీద ఊరి పేరు పడింది: గుత్తి. ఆ ఒక్క మాట తర్వాత నూరేళ్ల పాటు దాన్ని వెతికినవాళ్లందరికీ దారి చూపింది, దారి తప్పించింది కూడా.

* * *

సీసా చేరిన చోటు లండన్, సౌత్ కెన్సింగ్టన్. బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి శాస్త్ర విభాగం. అక్కడ సాలీళ్లు, తేళ్లు, జెర్రుల బాధ్యత చూస్తున్నది రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. 1863లో పుట్టినవాడు, అప్పటికి ముప్ఫై ఆరేళ్లు. తర్వాతి కాలంలో లండన్ జూకు సూపరింటెండెంట్ అయ్యాడు, ఆ పైన పులులూ చిరుతల వర్గీకరణతో మరింత పేరు తెచ్చుకున్నాడు. 1899 నాటికి మాత్రం ఆయన సాలీళ్ల మనిషి.

ఆయన బల్ల ముందుకు ఆ సీసా వచ్చేసరికి అక్కడ ఒక చిక్కు అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ చిక్కు మొదలైంది ఒక దీవిలో. 1734లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్బర్టస్ సెబా అనే మందుల వ్యాపారి తన దగ్గరున్న జంతువులు, గవ్వలు, మొక్కల బొమ్మలతో ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయడం మొదలుపెట్టాడు. ఓడల్లో తిరిగి వచ్చిన నావికుల దగ్గర వింత వస్తువులు కొనడం ఆయనకు అలవాటు. అప్పట్లో సింహళం తీరంలో చాలా భాగం డచ్చివాళ్ల చేతిలో ఉంది. సెబా పుస్తకంలో సింహళం నుంచి వచ్చిన భారీ సాలీడు బొమ్మ ఒకటి అచ్చయింది. కాళ్ల మీద పట్టీలున్న సాలీడు. 1804లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాట్రెయ్ దానికి 'మైగాలే ఫాసియాటా' అని పేరు పెట్టాడు. ఫాసియాటా అంటే పట్టీలు గలది. అప్పట్లో పెద్ద సాలీళ్లన్నింటినీ మైగాలే అనే ఒకే గంపలో వేసేవాళ్లు. మా బాపమ్మ చేసిన పని కూడా అదే కదా!

గంప నిండిపోయాక విడదీయక తప్పలేదు. 1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సి.ఎల్. కోచ్ ఈ పట్టీల సాలీడును వేరు చేసి, 'స్కురియా' అని కొత్త ప్రజాతి పేరు పెట్టాడు. మంచి పనే. కానీ మూడేళ్ల ముందే, 1847లో, గ్రే అనే ఆయన ఆ పేరును సముద్రపు రాళ్లకు అతుక్కుని బతికే ఒక నత్తకు ఇచ్చేశాడు. జంతుశాస్త్రంలో ఒక ప్రజాతి పేరు ఇంకో జంతువుకు పనికిరాదు. ఒకే సర్వే నంబరు రెండు పొలాలకు ఉండనట్టే. ముందు పట్టా చేయించుకున్నవాడిదే హక్కు. నత్తకు పేరు నిలిచింది, సాలీడు పేరు పోగొట్టుకుంది. 1885లో పారిస్‌లో యూజీన్ సిమోన్ ఆ సాలీడుకు 'పొయికిలోథీరియా' అని పేరు కట్టాడు. గ్రీకులో పొయికిలోస్ అంటే రంగురంగులది, మచ్చలూ గీతలూ గలది. థీరియోన్ అంటే మృగం. చిత్రవర్ణ మృగం అన్నమాట. పేరు పెట్టినవాడు ఆ పని ప్రేమతో చేశాడని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చీదరించుకునే పురుగుకు ఎవరూ అలాంటి పేరు పెట్టరు.

పేరు కుదిరింది. ఆ పేరు కింద ఎన్ని జాతులున్నాయో తేల్చే పని పోకాక్ మీద పడింది. 1895లోనే ఆయన తూర్పు దేశాల పెద్ద సాలీళ్లను కొత్త పద్ధతిలో గుంపులు కట్టే ప్రయత్నం చేశాడు. వాటి నోటి భాగాల్లో ఒకదానితో ఒకటి రాసుకుని చప్పుడు చేసే చిన్న ముళ్ల వరుసలు ఉంటాయి. ఆ వరుసల అమరిక చూసి బంధుత్వం తేల్చవచ్చని ఆయన పట్టుకున్నాడు. 1899లో పొయికిలోథీరియా మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. దాని అలవాట్లు, చరిత్ర, జాతులు అన్నీ అందులో ఉన్నాయి. గుత్తి సాలీడుకు పేరు వచ్చింది కూడా ఆ సంవత్సరమే.

ఆ పని ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. తెల్లటి పళ్లెం. అందులో స్పిరిట్. సన్నటి శ్రావణంతో సాలీడును ఎత్తి, వెల్లకిలా పడుకోబెట్టి, ముందు కాళ్లు రెండూ మెల్లగా విప్పి సాగదీస్తారు. స్పిరిట్‌లో నానిన కాలు పెళుసుగా ఉంటుంది, తొందరపడితే విరుగుతుంది. కణుపు కణుపుకూ భూతద్దం జరుగుతుంది. ఇక్కడ పసుపు పట్టీ, ఇక్కడ నలుపు, ఇది వెడల్పు, ఇది సన్నం. తర్వాత నాలుగో జత కాళ్లు. తర్వాత నోటి దగ్గర ముళ్ల వరుస. పక్కనే సింహళం నుంచి వచ్చిన సీసా, మలబారు నుంచి వచ్చిన సీసా. దానితో దీన్ని, దీనితో దాన్ని. ఇవి రెండూ ఒకటేనా? కాదా? కాదంటే ఎందుకు కాదు? ఆ 'ఎందుకు'ను చదివినవాళ్లు ఇంకో దేశంలో కూర్చుని కూడా సరిచూసుకునేలా రాయాలి. వర్గీకరణ అంటే పేరు పెట్టడమే అనుకుంటాం. అసలు శ్రమంతా తేడాను మాటల్లో పెట్టడంలో ఉంది.

గుత్తి నుంచి వచ్చింది ఒకే ఒక్క సాలీడు. పోల్చి చూడటానికి దానికి తోడు లేదు. అయినా ఆ నీలం, ఆ మెరుపు మరి దేనికీ లేవు. పోకాక్ దానికి 'పొయికిలోథీరియా మెటాలికా' అని పేరు రాశాడు. లోహపు మెరుపు గలది. ఆ ఏడాదే ఆయన ఈ ప్రజాతిలో ఇంకొన్ని జాతులకూ పేర్లు పెట్టాడు. వాటిలో 'రెగాలిస్' నమూనా అరక్కోణం నుంచి వచ్చింది. అరక్కోణం కూడా రైల్వే జంక్షనే, గుత్తి లైను చీలేది అక్కడే. అడవిలో ఉండాల్సిన సాలీళ్లు రైలు పట్టాల వెంట శాస్త్రంలోకి నడిచి వచ్చాయి.

1900లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో సాలీళ్లూ తేళ్ల సంపుటం పోకాక్ పేరుతో వెలువడింది. గుత్తి సాలీడు అందులోకి ఎక్కింది. ఆ తర్వాత దాని గురించి కొత్తగా ఎవరూ చెప్పలేదు. పుస్తకం నుంచి పుస్తకానికి అదే ఒక్క వాక్యం నకలు అవుతూ వచ్చింది. ఉండే చోటు: గుత్తి.

* * *

గుత్తి చూసినవాళ్లకు తెలుసు. రాతి గుట్టలు, వేరుశనగ చేలు, ఎర్ర నేల, తుమ్మ కంప. పొడవాటి చెట్ల తొర్రల్లో బతికే సాలీడుకు అక్కడ ఏం పని? ఈ జాతికి చెట్టే ఇల్లు. నేలలో బొరియ తవ్వదు. ఎత్తైన మాను మీద సహజంగా ఏర్పడిన తొర్రను చూసుకుని, లోపల గరాటు ఆకారంలో గూడు అల్లుకుంటుంది. రాత్రి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. దగ్గరికి వచ్చిన పురుగును వలతో కాదు, నేరుగా కాళ్లతోనే పట్టుకుంటుంది. చిన్న వెలుగు పడినా లోపలికి మాయమవుతుంది. తొర్రలు తక్కువైన చోట ఒకే తొర్రలో కొన్ని కలిసి కాపురం ఉంటాయి. ఆడది పదేళ్లకు పైగా బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లే. ఈడు వచ్చిన మగది గూడు వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ చెట్టు చెట్టుకూ తిరుగుతుంది. చెట్టు తరువాత చెట్టు లేకపోతే దానికి బతుకు లేదు.

అలాంటిదానికి గుత్తి చిరునామా అతకదు. సీసా మీద చీటీ అబద్ధం చెప్పలేదు. సాలీడు దొరికిన చోటే చెప్పింది. అది పుట్టిన చోటు చీటీ రాసినవాడికి కనిపించలేదు, ఎందుకంటే పుట్టిన చోటు అప్పటికే దుంగగా మారి బండి ఎక్కింది.

మనుషుల విషయంలోనూ మనకిది కొత్త కాదు. మా బీర్కూర్ నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్ల పాస్‌పోర్టులో పాస్‌పోర్టు ఇచ్చిన ఊరు ఒకటి, ఇల్లు ఒకటి ఉంటుంది. ఒక మనిషి తన ఊరు తాను చెప్పుకోగలడు. సీసాలోని సాలీడు చెప్పుకోలేదు.

2001లో ఆ ఇల్లు దొరికింది. గుత్తికి దాదాపు నూరు కిలోమీటర్ల అవతల, నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ, నల్లమలలో. గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట అంటూ రైలు అడవిలో మెలికలు తిరుగుతూ పోయే తావు అది. పోకాక్ పేరు పెట్టిన నూటరెండేళ్లకు ఆ సాలీడు ప్రాణంతో మళ్లీ మనుషుల కంటపడింది.

ఆ రాత్రి ఎలా ఉంటుందో నల్లమలలో తిరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. పొద్దుగూకగానే టేకు ఆకు ఎండి రాలిన చప్పుడు కూడా అడుగు చప్పుడులా వినిపిస్తుంది. తలకు కట్టుకున్న లైటు వెలుగు మాను మీద కింది నుంచి మీదికి పాకుతుంది. బెరడు, బెరడు, చీమల బారు, బెరడు. తర్వాత ఒక తొర్ర, దాని అంచున తెల్లటి దారాల చాప. వెలుగును పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి ఆగాలి. కాసేపటికి ఒక కాలు వస్తుంది, దాని పక్కన ఇంకొకటి. అప్పుడు వెలుగు మెల్లగా జరిపితే నీలం కనిపిస్తుంది. పుస్తకంలో నూరేళ్లుగా ఒక్క మాటగా ఉన్న ఆ మెరుపు మాను మీద గుండె ఎత్తున నిలబడి ఉంటుంది.

* * *

ఆ నీలం గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. అది అద్దకం రంగు కాదు. ఆ సాలీడు వెంట్రుకల్లో నీలి రంగు పదార్థమేదీ లేదు. వెంట్రుక లోపల కంటికి ఆనని సన్నటి పొరల అమరిక ఉంటుంది. వెలుగు దాని మీద పడి, నీలం పాలు మాత్రమే మన కంటికి తిరిగి వస్తుంది. నెమలి ఈకలోని రంగు కూడా ఇలాంటిదే. కానీ నెమలి ఈకను అటూ ఇటూ తిప్పితే రంగు మారుతుంది, ఈ సాలీడు నీలం ఎటు చూసినా పెద్దగా మారదు. 2015లో బోర్-కాయ్ శుంగ్, ఆయన సహచరులు ఈ రకం సాలీళ్ల వంశవృక్షం మొత్తం పరిశీలించి ఒక ఆశ్చర్యం బయటపెట్టారు. ఈ నీలం ఒక్కసారి పుట్టి అందరికీ వారసత్వంగా రాలేదు. వేర్వేరు శాఖల్లో, వేర్వేరు పొరల అమరికలతో, కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టింది. అన్ని చోట్లా దాదాపు అదే నీలం, 450 నానోమీటర్ల దగ్గర. ఇవి చీకట్లో తిరిగే జీవులు. ఆ నీలాన్ని చూసి మెచ్చుకునేంత చూపు వాటికి ఉందో లేదో ఇంకా తేలలేదు. పిల్లగా ఉన్నప్పుడు ఈ నీలం అంతగా ఉండదు, ఎదిగేకొద్దీ వస్తుంది.

విషం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మొదటి ప్రశ్న అదే. కరిస్తే చాలా నొప్పి, కండరాలు పట్టేయడం, ఆ బాధ రోజుల తరబడి ఉండవచ్చు. దానివల్ల మనిషి చనిపోయిన సంఘటన మాత్రం నమోదు కాలేదు. దానంతట అది మీదికి రాదు. దాని మొదటి ఉపాయం పరుగే.

* * *

పొయికిలోథీరియా ప్రజాతిలో ఇప్పుడు పదిహేనుకు అటూ ఇటూగా జాతులున్నాయి. ప్రపంచంలో భారతదేశం, శ్రీలంక తప్ప ఇంకెక్కడా ఈ సాలీళ్లు లేవు. సముద్ర మట్టం తగ్గిన మంచు యుగాల్లో రెండింటి మధ్యా నేల ఉండేది. మనం సేతువు అని పిలుచుకునే ఆ ఇసుక తిన్నెల చోట. నేల మునిగాక అటువి అటు, ఇటువి ఇటు మిగిలాయి. నడుమ రామేశ్వరం దీవిలో ఒక జాతి మిగిలింది. 2004లో ఆండ్రూ స్మిత్ దానికి పేరు పెట్టేటప్పుడు, అది దొరికిన చోటికి దగ్గరలోని హనుమవిలాసం గుడి పేరే తీసుకున్నాడు. పొయికిలోథీరియా హనుమవిలాసుమికా. లంకకూ మనకూ నడుమ నిలిచిన సాలీడుకు హనుమంతుడి పేరు! తర్వాత దాన్ని అవతలి గట్టున, శ్రీలంకలోని మన్నార్‌లోనూ గుర్తించారు.

మన వైపు తూర్పు కనుమల్లో 'టైగ్రినవెస్సెలి' అనే జాతి 2006లో చేరింది. ఆ ఏడాదే నల్లమల పేరుతోనూ ఒక జాతిని వర్ణించారు: నల్లమలైయెన్సిస్. తర్వాతి సవరణల్లో ఆ పేరు పాత జాతి కిందికి వెళ్లిపోయింది. మన అడవి పేరు పోయిందే అని చదివినప్పుడు నాకు బాధ కలిగింది. కానీ పట్టీ వెడల్పులో తేడా వయసు వల్ల కూడా రావచ్చు. వందల సాలీళ్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడా ఏదో, పోలిక ఏదో తెలుస్తుంది. పెట్టిన పేరును వెనక్కి తీసుకోగలగడం ఈ శాస్త్రానికి ఉన్న నిజాయితీ.

గుత్తి సాలీడుకు మాత్రం నలుగురి పక్కన నిలబడే భాగ్యం లేదు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. కారణం, అది ఉన్న చోటు ఒక్కటే. వంద చదరపు కిలోమీటర్ల లోపు. అది కూడా కట్టెల కోసం నరికి, చెదిరిపోయిన అడవి. చుట్టుపక్కల అడవుల్లో వెతికితే కనిపించలేదు. శ్రీలంక విస్తీర్ణం 65,000 చదరపు కిలోమీటర్లకు పైమాట. నల్లమలలోని ఈ సాలీడుకు దక్కిన నేల ఒక పూట నడిచి దాటేంత. చుట్టూ నీళ్లు లేవు గానీ, చేలున్నాయి, రోడ్డుంది, రైలుంది, నరికిన మొద్దులున్నాయి. చెట్టే ఇల్లయిన జీవికి ఒక నూరు గజాల ఖాళీ నేల చాలు, సముద్రమంత అడ్డం. మనం దీవి సాలీళ్లు అంటే లంక వైపు చూస్తాం. నా లెక్కన వాటిలో అన్నింటికన్నా ఇరుకు దీవి నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ ఉంది.

దాని అందమే దానికి శత్రువు అయింది. ఇల్లు తెలిసిన కొద్ది ఏళ్లకే ఐరోపా, అమెరికాల్లో పెంపుడు సాలీళ్ల వ్యాపారంలోకి అది చేరింది. మొదట్లో ఒక్కోటి 500 డాలర్లు దాటి పలికింది. ఇప్పుడు అక్కడి గాజు పెట్టెల్లోనే పిల్లల్ని కంటోంది. అడవిలో ఉన్నవాటికన్నా ఎక్కువ ఫొటోలు ఆ పెట్టెల్లోవే. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన, వన్యజీవుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ సమావేశంలో శ్రీలంక, అమెరికా కలిసి ప్రతిపాదిస్తే, పొయికిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని రెండో అనుబంధంలో చేర్చారు. అప్పటి నుంచి దేశం దాటించాలంటే అనుమతి పత్రం కావాలి. ఈసారి ప్రతి సాలీడుకూ చీటీ తప్పనిసరి అయింది.

* * *

రెండేళ్ల కిందట కాలువ గట్టు రోడ్డు వెడల్పు చేస్తున్నారని తెలిసి బీర్కూర్ పోయాను. నేను చేరేసరికి చింతచెట్టు పడిపోయి ఉంది. కొమ్మలు అప్పటికే ఎవరి ఇళ్లకో చేరాయి. మానును మూడు ముక్కలు చేసి, రెండింటిని ట్రాక్టర్ ట్రాలీలోకి ఎక్కించారు. మూడోది గట్టు మీద అడ్డంగా పడి ఉంది. తొర్ర ఉన్న ముక్క అదే.

వంగి చూశాను. లోపల తెల్లటి గూడు ఇంకా ఉంది, అంచు దగ్గర చిరిగి, రంపపు పొట్టు పట్టి. సెల్‌ఫోన్ లైటు వేశాను. సాలీడు కనిపించలేదు. లోతుగా ఉందో, పడినప్పుడే పారిపోయిందో.

"ఇది యాడికి పోతది తమ్మీ?" డ్రైవర్‌ని అడిగాను.

"కోతమిల్లుకు సారూ. జర జరుగున్రి, దీన్ని గుడ ఎక్కిస్తం."

"ఒక్క రెండు నిమిషాలు ఆగుతవా?"

ఎందుకని అతను అడగలేదు. దిగి, బీడీ ముట్టించుకుని, గట్టు మీద కూర్చున్నాడు. నేను జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాను. బీర్కూర్ అని రాశాను. పంటకాలువ ఎడమ గట్టు అని రాశాను. చింతచెట్టు, తొర్ర, నేల నుంచి మనిషెత్తు, తొర్ర ముఖం తూర్పుకు, అని రాశాను. తారీకు వేశాను. జాతి పేరు రాయాల్సిన చోటు వదిలేశాను.

నలుగురు కలిసి దుంగను ట్రాలీలోకి దొర్లించారు.